ఐరన్ ఒక పూట, కాల్షియం ఇంకో పూట: ఈ ముక్క తల్లీబిడ్డల కార్డు మీద ఎందుకు రాయరు?

సంపాదకుల వారికి నమస్కారం.

గర్భిణుల్లో రక్తహీనత గురించి జిల్లా పేజీల్లో వార్త వచ్చినప్పుడల్లా అందులో రెండే లెక్కలుంటాయి. ఎంతమందికి రక్తం తక్కువగా ఉంది, ఎన్ని బిళ్ళలు పంచారు. పంచిన బిళ్ళ కడుపులోకి వెళ్ళిందా, వెళ్తే దేనితో కలిసి వెళ్ళింది అన్నది ఎవరూ అడగరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో రక్తహీనత ఉన్న గర్భిణులు 2015-16లో 50.4 శాతం. 2019-21 నాటికి ఆ అంకె తగ్గాల్సింది పోయి 52.2కి చేరింది. సరఫరా ఒక్కటే సమస్యయితే ఇలా జరగదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఐదో నెల గర్భిణి ఉన్న ఇల్లు ఏదైనా తీసుకోండి. గూట్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఎర్ర ఐరన్ బిళ్ళల షీటు, తెల్ల కాల్షియం బిళ్ళల షీటు, పక్కన ప్రైవేటు డాక్టరు రాసిన ఇంకో టానిక్కు. రాత్రి అన్నం తిన్నాక గుర్తొస్తే రెండు బిళ్ళలూ అరచేతిలో వేసుకుని ఒకే గుక్కలో మింగేస్తారు. మరిచిపోకుండా ఉంటుందని అత్తగారు కూడా అదే చెబుతుంది. జరుగుతున్న తప్పంతా ఆ గుక్కలోనే ఉంది. కాల్షియం, ఐరన్ పేగులో ఒకచోట చేరితే ఐరన్ రక్తంలోకి వెళ్ళేది బాగా తగ్గిపోతుంది. ఒక పూట భోజనంతో చేసిన పరీక్షల్లో సగం దాకా పడిపోవడం చూశారు. బిళ్ళ మింగినట్టే ఉంటుంది, మలం నల్లగానే వస్తుంది, నెల తిరిగాక హిమోగ్లోబిన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

దీనివల్ల బిడ్డకు వచ్చే నష్టం ఎంతో లెక్కతో చెబుతాం. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో కిలోకు సుమారు 75 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మూడు కిలోల బిడ్డకు 225, రెండు కిలోల బిడ్డకు 150. ఇందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే మాయ గుండా దిగుతుంది. అందుకే ఎనిమిదో నెలలోనే పుట్టేసిన బిడ్డ సగం ఖాళీ సంచితో వచ్చినట్టు. పుట్టాక తల్లిపాల నుంచి వచ్చే ఇనుము చాలా తక్కువ. లీటరు పాలలో 0.3 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. రోజుకు ముప్పావు లీటరు తాగే బిడ్డకు పావు మిల్లీగ్రాము కూడా పూర్తిగా అందదు. అంటే మొదటి ఆరు నెలలూ బిడ్డ బతికేది కడుపులో ఉండగా దాచుకున్న దాని మీదే. ఇక్కడే చాలామంది పొరబడతారు. పుట్టిన రోజు పరీక్షలో బిడ్డ రక్తం బాగానే కనబడుతుంది. నిల్వ తక్కువన్న సంగతి నాలుగైదు నెలలకు గానీ బయటపడదు. ఆ లోపు ఉన్న కొద్ది ఇనుమునూ ఒళ్ళు ముందు ఎర్ర రక్తకణాలకే వాడుకుంటుంది, మెదడు వంతు తర్వాత వస్తుంది. మెదడు వేగంగా ఎదిగే నెలలు కూడా అవే.

తల్లికి ఐరన్ ఇస్తే బిడ్డ బరువు ఎంత పెరుగుతుందన్నదానికి 2013లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ఇచ్చిన జవాబు సగటున 41 గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ తక్కువ బరువుతో పుట్టే ముప్పు అదే సమీక్షలో 19 శాతం తగ్గింది. రెండున్నర కిలోల గీత దగ్గర వేలాడే బిడ్డలకు ఆ 41 గ్రాములు చిన్న విషయం కాదు.

ఇక మోతాదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. మొదటి మూడు నెలలూ ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఒక్కటే. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 7 నుంచి 10.9 దాకా ఉంటే రోజుకు రెండు బిళ్ళలు. 7 కంటే తక్కువుంటే బిళ్ళలతో కాలం గడపకూడదు, పెద్దాసుపత్రికి పంపాల్సిందే. రెండు బిళ్ళలు సరిగ్గా వాడితే నెలలో కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే "ఇంకో నెల చూద్దాం" అనడం తప్పు, కారణం వెతకాలి.

మందుల షాపులో కొనేవాళ్ళు డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి. వెనక చిన్న అక్షరాల్లో "ఎలిమెంటల్ ఐరన్" అని ఎంత రాశారో అదీ అసలు మోతాదు. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల బిళ్ళలో ఇనుము సుమారు 65. ఫెర్రస్ ఫ్యూమరేట్ 200లోనూ దాదాపు అంతే. ఫెర్రస్ గ్లూకోనేట్ 300 అని ఉంటే అంకె పెద్దదే గానీ ఇనుము 35 మాత్రమే. కాల్షియం సంగతీ ఇంతే. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాముల బిళ్ళలో కాల్షియం 500. అదే కాల్షియం సిట్రేట్ 1000 బిళ్ళలో 210. ధర ఎక్కువున్నది మంచిదనుకుని సిట్రేట్ ఒక్క బిళ్ళ వేసుకునే ఆవిడకు ప్రభుత్వ బిళ్ళలో సగం కూడా అందడం లేదన్నమాట.

ఎప్పుడు వేసుకోవాలో ఇప్పుడు చెబుతాం. ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఇదే. కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, కాబట్టి భోజనంతో పాటు వేసుకోవాలి. ప్రభుత్వ లెక్క రోజుకు రెండు బిళ్ళలు. ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి ఉంటాయి. రెండూ ఒకేసారి మింగితే ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది, విడివిడిగానే వేసుకోవాలి. ఐరన్‌కు ఖాళీ కడుపైతే మేలు. పొలం పనికో, జీడి తోటకో, ఉపాధి పనికో పొద్దున్నే వెళ్ళే మనిషికి ఇలా కుదురుతుంది: పొద్దున చద్దన్నంతో ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనంతో రెండోది, రాత్రి ఏడున్నరకు తినేసి తొమ్మిదిన్నరకు పడుకోబోయే ముందు ఐరన్. కాల్షియానికీ ఐరన్‌కూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌ను నిమ్మరసం పిండిన నీళ్ళతో మింగితే ఇంకా బాగా పడుతుంది. పాలతో మాత్రం వద్దు. అంగన్‌వాడీలో పాల గ్లాసు చేతిలో ఉండగానే ఐరన్ బిళ్ళ వేయించి, "కళ్ళెదుటే మింగింది" అని టిక్కు పెట్టుకోవడం ఎక్కడైనా జరుగుతుంటే ఆ టిక్కుకు విలువ లేదు. టీ ఇంకా పెద్ద దొంగ. అన్నం తిన్న వెంటనే తాగే టీ, ఆ భోజనంలోని ఇనుములో సగానికి పైగా ఒంటికి పట్టకుండా చేస్తుంది. టీకీ ఐరన్‌కూ గంట తేడా చాలు, టీ మానేయమని ఎవరికీ చెప్పక్కర్లేదు. చెప్పినా వినరు.

చోడి (రాగి) అంబలి గురించి ఒక మాట. వంద గ్రాముల చోడి పిండిలో 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. పొద్దున పూట అంబలి తాగే అలవాటు మన ప్రాంతంలో ఇంకా మిగిలి ఉండడం అదృష్టం. అయితే చోళ్ళలోని ఫైటేట్లు కూడా ఇనుమును పట్టేసుకుంటాయి. కాబట్టి అంబలితో ఐరన్ బిళ్ళ వేసుకోకూడదు. మొలకెత్తించి పిండి చేసుకుంటే ఆ ఫైటేట్లు తగ్గుతాయి. ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా తింటే మంచి కాల్షియమే, కానీ బీపీ ఉన్న గర్భిణికి ఆ ఉప్పు పనికిరాదు.

థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్ళ లెక్క వేరు. ఇది ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం బిడ్డ మెదడుకే. ఐరన్ గానీ కాల్షియం గానీ దగ్గర్లో పడితే థైరాక్సిన్ రక్తంలోకి సరిగా వెళ్ళదు, నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దున ఆరింటికి థైరాయిడ్ బిళ్ళ, ఎనిమిదింటికి ఇడ్లీతో కాల్షియం వేసుకునే ఆవిడకు, థైరాయిడ్ చాలడం లేదని చూపే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. డాక్టరు మోతాదు పెంచుతారు, మళ్ళీ పెరుగుతుంది. ఆవిడ కాల్షియం రెండూ మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు మార్చుకుని, రాత్రి భోజనం ఏడింటికే ముగించి, ఐరన్‌ను పడుకునే ముందు వేసుకుంటే సరి. గ్యాస్ మందులదీ ఇదే గొడవ. షాపులో అడిగి కొనుక్కునే పాంటాప్రజోల్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపులో ఆమ్లం తగ్గి ఐరన్, కాల్షియం కార్బొనేట్ రెండూ సరిగా పట్టవు. ఐరన్ వల్ల కడుపు మంట, ఆ మంటకు గ్యాస్ బిళ్ళ, ఆ గ్యాస్ బిళ్ళ వల్ల ఐరన్ పట్టకపోవడం. చాలా కేసుల్లో తిరిగే చక్రం ఇదే.

వికారం, మలబద్ధకం వస్తాయి. అబద్ధం చెప్పి లాభం లేదు. వికారం మరీ ఎక్కువుంటే ఖాళీ కడుపు నియమం వదిలేసి అన్నం తిన్నాకే వేసుకోండి. కొంత తక్కువ పడుతుంది, బొత్తిగా మానేయడం కంటే నయం. రోజూ వేసుకోలేని గర్భిణికి వారానికోసారి 120 మిల్లీగ్రాముల పద్ధతి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లో ఉంది గానీ, అది గర్భిణుల్లో రక్తహీనత 20 శాతం కంటే తక్కువున్న చోట్లకే. మన దగ్గర ఏం చేయాలో ఏఎన్‌ఎంను అడిగి పాటించాలి. మలం నల్లబడడం ప్రమాదం కాదు. ఐరన్ బిళ్ళలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట మన పల్లెల్లో ఇంకా గట్టిగానే తిరుగుతోంది. మలం నలుపు చూసి పుట్టిన మాట కాబోలు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. రెండో భయం, బిడ్డ బాగా పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని. పైన చెప్పిన 41 గ్రాములకు ఏ కాన్పూ కష్టం కాదు.

బిళ్ళ నిల్వ కూడా చూడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో షీటు చించి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన బిళ్ళలు వానాకాలంలో రెండు వారాలు కూడా ఆగవు. ఎర్ర పూత పగిలి, లోపల గోధుమ రంగు పొడి కనబడి, వేలికి అంటుకుంటే ఆ ఇనుము తుప్పు పట్టినట్టే. ఒంటికి పట్టేది తక్కువ, కడుపులో తిప్పేది ఎక్కువ. పారేసి కొత్త షీటు అడగండి.

రెండు బిళ్ళలూ సరిగ్గా వేసుకున్నా రక్తం పెరగలేదంటే ఏం చూడాలి? నాలుగో నెల దాటాక నులిపురుగులకు అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి వేయించారా? మట్టి, పచ్చి బియ్యం, బలపాలు తింటోందా? బలపం తినాలనిపించడం చాలాసార్లు రక్తహీనతకే గుర్తు. తిట్టడం కంటే రక్తం పరీక్ష చేయించడం మేలు. తిన్న మట్టి కూడా పేగులో ఇనుమును పట్టేసుకుంటుంది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బులైన సికిల్ సెల్, తలసీమియా లక్షణం ఉన్నదీ లేనిదీ తేల్చాలి. సికిల్ ఉన్న మనిషికి ఐరన్ నిషేధం కాదు గానీ, ఫెరిటిన్ పరీక్ష చేసి నిల్వ తక్కువని తేలాకే ఇవ్వాలి. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువగా ఉండొచ్చు. భర్తకు కూడా పరీక్ష చేయించాలి. పుట్టిన బిడ్డలో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువ ఉండడం వల్ల మొదటి నెలల్లో రోగం బయటకు కనబడదు.

ఇంకో చిక్కు మన తీరంలో ఉంది. అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటు ఈ తరంలో తగ్గినా పోలేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల రక్తం అసలు కంటే ఎక్కువ ఉన్నట్టు అంకె చూపిస్తుంది. పొగ తాగేవాళ్ళకు తాగే మోతాదును బట్టి 0.3 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా తగ్గించి లెక్కేసుకోవాలి. 11.2 వచ్చిందని సంతోషించిన మనిషికి నిజంగా 11 లేకపోవచ్చు. పొగలోని కాడ్మియం మాయలో జింకును బిడ్డ వైపు వెళ్ళకుండా పట్టి ఉంచుతుంది కూడా. జింకు బిళ్ళ వేసుకున్నా ఆ లోటు పూడుతుందని చెప్పలేం.

ఏడో నెల దాటాక గుర్తించిన రక్తహీనతకు ఐరన్ సెలైన్ (నరంలోకి ఎక్కించే ఐరన్) అవసరం కావచ్చు. మొదటి మూడు నెలల్లో ఇది పెట్టకూడదు. ఎంత కావాలో లెక్క సులువు. గర్భం రాకముందు బరువును, పెరగాల్సిన హిమోగ్లోబిన్ గ్రాములను, 2.4ను హెచ్చించి, నిల్వ కోసం 500 కలపాలి. 45 కిలోల మనిషికి 7.5 నుంచి 11కు పెంచాలంటే 378, దానికి 500 కలిపితే 878 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ ఒక విడతకు 200 చొప్పున, రోజు విడిచి రోజు, నాలుగైదు విడతలు పడుతుంది. రెండు విడతలతో "ఒళ్ళు తేలికైంది" అని పుట్టింటికి వెళ్ళిపోతే ఆవిడకు అందింది 400. సగం కూడా కాదు. వాహనం ఖర్చులకు భయపడేవాళ్ళకు ఒకే విడతలో 1000 దాకా ఎక్కించగల ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఉందని, అది తమకు తగునో లేదో అడగాలని చెప్పండి.

అతి కూడా జరుగుతోంది, ముఖ్యంగా పట్టణాల్లో. ప్రభుత్వ బిళ్ళ 60, ప్రైవేటు బిళ్ళ 100, పాలలో కలిపే పొడి డబ్బాలో మరికొంత. రక్తం 12 ఉన్న మనిషికి 160 మిల్లీగ్రాముల ఇనుము ఎందుకు? మలబద్ధకం, వాంతులు పెరిగి చివరికి అన్నీ కలిపి మానేస్తుంది. డాక్టరు దగ్గరికి ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ కవరుతో సహా పట్టుకెళ్తే ఈ తప్పు ఒక్క నిమిషంలో దొరికిపోతుంది.

కాల్షియం గురించి జనం అనుకునేదొకటి, జరిగేది ఇంకొకటి. బిడ్డ ఎముకలు గట్టిపడాలని వేసుకుంటారు. బిడ్డ పుట్టేసరికి దాని ఎముకల్లో 30 గ్రాముల దాకా కాల్షియం చేరుతుంది, నిజమే. తల్లి తక్కువ తిన్నా ఆమె పేగు ఎక్కువ పీల్చుకుని, అవసరమైతే ఎముక నుంచి తీసి మరీ బిడ్డకు ఇస్తుంది. బిళ్ళ వల్ల పెద్ద మేలు వేరే ఉంది. కాల్షియం తక్కువ తినే స్త్రీలలో బీపీ పెరగడం, గుర్రపు వాతం (బీపీతో వచ్చే ఫిట్స్) దాకా పోవడం తగ్గుతుంది. చాలాసార్లు బీపీ వల్లనే కదా నెలలు నిండకుండా కాన్పు చేయాల్సి వచ్చేది. బెంగళూరులో తొలి చూలు గర్భిణులు 11,000 మందితో చేసి 2024 జనవరిలో ప్రచురించిన పరీక్షలో రోజుకు 500 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో 3.0 శాతానికి, 1500 వేసుకున్నవాళ్ళలో 3.6 శాతానికి ఈ బీపీ జబ్బు వచ్చింది. రెండు బిళ్ళలు కుదరనివాళ్ళు ఒక్కటైనా మానకుండా వేసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

అతిగా వేసుకుంటే మాత్రం బిడ్డకే దెబ్బ. తల్లి రక్తంలో కాల్షియం మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే బిడ్డ పారాథైరాయిడ్ గ్రంథులు పని నేర్చుకోకుండా నిద్రపోతాయి. బొడ్డు కోయగానే ఆ సరఫరా ఆగి, బిడ్డ రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. తల్లికి విటమిన్ డి బొత్తిగా లేకపోయినా బిడ్డకు ఇదే గతి. అందుకే పుట్టిన బిడ్డకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు. ఆ చుక్కలు వేయడం మరిచిపోయి తల్లి మాత్రం 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు తనంతట తానే కొనుక్కుని వాడడం చూస్తే ఏమనాలో తెలియదు.

ఉద్దానం గర్భిణుల గురించి విడిగా రాయాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. గర్భం వచ్చిన మనిషికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) మామూలుగా 0.4 నుంచి 0.8 దాకా పడిపోతుంది. ల్యాబు కాగితం మీద మాత్రం అందరికీ వేసే 1.1, 1.2 హద్దే అచ్చవుతుంది. 1.0 వచ్చిన గర్భిణి కాగితం మీద "నార్మల్" అని ఉంటుంది, ఆవిడ కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. 0.9 దాటితే మళ్ళీ చూడాలి. కిడ్నీ సరిగా లేని మనిషికి కాల్షియం, విటమిన్ డి, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్పులు కిడ్నీ డాక్టరు చెప్పిన లెక్కలోనే ఇవ్వాలి. ఐరన్ బిళ్ళ ఆవిడకు సరిగా పట్టకపోవచ్చు, సెలైన్ అవసరం కావచ్చు. గుర్రపు వాతానికి పెట్టే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ బయటకు పోయేది కిడ్నీ గుండానే, కాబట్టి మోతాదు తగ్గించి, మోకాలి రిఫ్లెక్సు, మూత్రం, శ్వాస గంట గంటకూ చూడాలి. ఆ ఇంజెక్షన్ ప్రాణం నిలబెట్టేది, దానికి భయపడకూడదు. వద్దన్నది ఐదు నుంచి ఏడు రోజులకు మించి ఆపకుండా ఎక్కించడమే. అలా చేస్తే బిడ్డ ఎముకల్లో కాల్షియం తగ్గుతుందని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. బిళ్ళ రూపంలో మెగ్నీషియం వల్ల గానీ జింకు వల్ల గానీ బిడ్డకు కచ్చితమైన లాభం రుజువు కాలేదు. డబ్బున్నవాళ్ళు వేసుకుంటే వేసుకోండి, అప్పు చేసి కొనక్కర్లేదు.

చివరిగా ఉప్పు. నౌపడ ఉప్పు మళ్ళ పక్కనే ఉండి ఈ మాట అనడం కొందరికి నచ్చకపోవచ్చు. మడి నుంచి నేరుగా బస్తాతో వచ్చే కల్లుప్పులో అయోడిన్ కలపరు. ఇంటికి చేరిన ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. అంటే పది గ్రాముల ఉప్పుకు 150 మైక్రోగ్రాములు. గర్భిణికి కావాల్సింది రోజుకు 250, మిగతాది చేప, పాలు, గుడ్డు నుంచి రావాలి. బిడ్డ థైరాయిడ్ గ్రంథి పన్నెండో వారం దాకా పని మొదలుపెట్టదు, అప్పటిదాకా బిడ్డ మెదడు తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది. చాలామంది గర్భం సంగతి ఆశాకు చెప్పేసరికే ఆ వారాలు గడిచిపోతాయి. కాబట్టి పెళ్ళైన ఇంట్లో ముందు నుంచే అయోడిన్ ఉప్పు ఉండాలి. అయోడిన్ కలిపిన కల్లుప్పును మట్టి ఉందని కడిగితే పైన అంటుకున్న అయోడిన్ కొట్టుకుపోతుంది. మూత లేని కుండలో పొయ్యి పక్కన పెట్టొద్దు, కూర దించేటప్పుడు వేయండి. ఫోన్లో చూసి సైంధవ లవణానికి మారినవాళ్ళకు అయోడిన్ అందదు. ఇంట్లో ఉన్న ఉప్పు మీద ఆశా దగ్గరి కిట్టు చుక్క వేయించి చూడండి, నీలం రంగు రాకపోతే ఉప్పు మార్చండి.

పాలిచ్చే తల్లి విషయంలోనూ తేడా తెలుసుకోవాలి. కాన్పయ్యాక తల్లి మింగే ఐరన్, కాల్షియం పాలలో పెరగవు, అవి తల్లి సొంత నిల్వకే. అయోడిన్ మాత్రం తల్లి ఎంత తింటే పాలలో అంత వస్తుంది. బాలింతకు పథ్యం పేరుతో చేప, గుడ్డు ఆపేసి కల్లుప్పుతో మిరియాల చారు పోసే ఇళ్ళలో ఆ లోటు బిడ్డదే. అలాగని బిడ్డ బొడ్డు మీద రోజూ పొవిడోన్ అయోడిన్ పూయడం కూడా తప్పే. లేత చర్మం గుండా అది లోపలికి వెళ్ళి, బిడ్డ థైరాయిడ్ పని కొన్నాళ్ళు ఆగిపోవచ్చు. బొడ్డు పొడిగా ఉంచితే చాలు. పుట్టిన 48 గంటలు దాటాక మడమ నుంచి చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడమని అడగండి. కామెర్లు తగ్గకపోవడం, బొంగురు ఏడుపు, పాలు తాగకుండా మత్తుగా పడి ఉండడం కనబడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

బొడ్డుతాడు గురించి కాన్పు గదిలో ఉండేవాళ్ళకు ఒక మనవి. బిడ్డ ఏడుస్తూ బాగుంటే ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోయండి. ఆ కాసేపట్లో మాయ నుంచి 80 మిల్లీలీటర్ల దాకా రక్తం బిడ్డకు దిగుతుంది. అందులో ఇనుము 40 మిల్లీగ్రాముల పైనే, ఐదు నెలల తల్లిపాలలో వచ్చేదాని కంటే ఎక్కువ. దీనికి పైసా ఖర్చు లేదు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు రెండో నెల నుంచే ఐరన్ చుక్కలు కావాలి. మిగతా పిల్లలకు ఆరో నెల నిండాక వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్పు, అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము.

మేము అడిగేది పెద్ద పథకం కాదు. తల్లీబిడ్డల కార్డు మీద బిళ్ళల సంఖ్యతో పాటు ఏది ఎన్ని గంటలకో చేత్తో రాయాలి. మందుల షాపుల్లో కాల్షియం, ఐరన్, థైరాయిడ్ బిళ్ళలు ఒకే కవరులో కట్టి ఇచ్చేటప్పుడు కవరు మీద పూట రాయాలి. ఉద్దానం మండలాల్లో ప్రతి గర్భిణి కార్డులోనూ "నార్మల్" అన్న మాట కాకుండా క్రియాటినిన్ అంకె ఉండాలి. మీ జిల్లా పేజీలో నెలకోసారి, ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణుల ఉచిత పరీక్షలు జరిగే రోజుకు ముందు, పైన చెప్పిన పూటల లెక్కను చిన్న పెట్టెలో అచ్చువేస్తే చించి గోడకు అంటించుకుంటారు.

ఇట్లు,
ప్రసూతి, శిశు వైద్యం, మందుల పంపిణీ రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
శ్రీకాకుళం

తా.క.: ఎర్ర బిళ్ళకు చక్కెర పూత ఉంటుంది. ఇంట్లో రెండేళ్ళ పెద్ద బిడ్డకు అది చప్పరించే బిళ్ళలాగే కనబడుతుంది. పది కిలోల పిల్లకు నాలుగు బిళ్ళలు చాలు వాంతులు, విరేచనాలు రావడానికి. పది బిళ్ళలంటే ప్రాణాపాయం. మొదట వాంతులై తర్వాత తేరుకున్నట్టు కనబడి, కొన్ని గంటలకు ఒక్కసారిగా కుప్పకూలే విషం ఇది. తేరుకుంది కదా అని ఇంట్లో ఉంచకండి. ఖాళీ షీటు పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. షీట్లు గూట్లో కాదు, పిల్లలకు అందని ఎత్తులో మూత ఉన్న డబ్బాలో పెట్టండి.